జుయ్‌మనే చప్పుడు

విజయనగరం, 2016 వేసవి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే థామస్, చెవులు వినిపించని పదేళ్ళ కూతురు కృపారాణి కోసం తానే తయారుచేసిన వినికిడి మిషనుకు చివరి టంకం పెట్టి తలెత్తాడు. భార్య జ్ఞానసుందరి ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"...మరి ఆ బడి మేడమ్‌కి నేనేటి సెప్పాలండీ? సైగల బళ్ళో రాణికి ఉంచిన సీటు సోమారం దాటితే ఇంకొకలకి ఇచ్చీస్తారట."

"ఇచ్చుకోనీ. మనకొద్దని సెప్పీసినాం కదా."

"మీరు సెప్పినారు. నేను సెప్పనేదు."

"జ్ఞానం, ఇనిపిస్తన్న పిల్లకి సైగల బడేటి? సేతులూపుకుంటా బతకాలా నా కూతురు?"

"ఇనిపిస్తన్నాదా?"

"ఎనకనుండి ఎల్లి మిషను సిచ్ ఏస్తే టక్కుమని తల తిప్పి నవ్వతాది. నువ్వు సూణ్ణేదేటి?"

"నవ్వడం సూసినాను. గానీ మొన్న సర్చిలో పాస్టరమ్మ ఎనకనుండి పిలిస్తే..."

"జోరుగా పాటలవతన్నాయి అప్పుడు."

"పాటలైపోయినాకేనండీ. నాలుగో ఏట జొరమొచ్చి సెవులు పోయినకాడ్నించీ, మాట పడిపోకుండా దాన్ని అద్దం ముందు కూకోబెట్టి నేర్పినదాన్ని నేను. మన పెదాలు సూసి అదెంత మాట లాగీగలదో నాకు తెల్సు. బళ్ళో మాస్టారు బోర్డుకేసి తిరిగి సెప్తే దానికేటి తెలుస్తాది?"

"అందుకే కదే ఈ తిప్పలు! ఆపరేషను కుదరదన్నారు. కొన్న మిషన్లేవీ పనిసెయ్యనేదు. ఇదొక్కటే పనిసేసినాది. ఆ జుయ్‌మనే సప్పుడు అడ్డవొచ్చి మాట సరిగ్గా అందడం నేదంతే. ఇయ్యాల దాని పీక నొక్కీసినాను. ఇదిగో, సెవిలో ఎట్టుకో."

"ఉండండి, సెయ్యి తడి... ఆఁ. సిచ్ ఏసినారా?"

"ఏసినాను."

"ఏదీ? ఇదివరకు సెవిలో జోరీగ దూరినట్టుండీది. ఇప్పుడేటీ నేదు... అమ్మో, మీ గొంతు ఎంత తేటగా ఉన్నాదండీ! ఏటి సేసినారు?"

"నీకెందుకులే అదంతా."

"సెప్పండి. ఇన్ని నెలలు మిమ్మల్ని లాక్కున్నాది, నాకూ తెలియాలి."

"ఇందులో క్లాక్ డ్రైవరని ఓ చిప్పున్నాది. పాటకి తాళం ఏసీవోడిలాగ మిగతా వాటన్నిటికీ అదే తాళం ఏస్తాది. బేటరీ మిగలాలని దాన్ని సెకనుకి వందలసార్లు నిద్దరపుచ్చి లేపుతన్నాను. లేచిన ప్రతిసారీ కరెంటు ఒక్క గుక్కలో లాగీస్తాది. ఆ గుక్కకి సప్లై కుంగుతాది. ఆ కుంగుడే స్పీకర్లోకొచ్చి జుయ్‌మంటాది."

"పక్కింటోళ్ళు మోటరేస్తే మనింట్లో లైటు కునికినట్టు."

"అదే! నా స్టూడెంట్లకి ఇంత తొందరగా ఎక్కదు."

"మరెలగ ఆపినారు?"

"దానికి కరెంటు దారి వేరే సేసీసినాను. ఆ దారిలో, కుదుపు బైటికి పోకుండా అడ్డంగా ఓ సిన్న ఫెర్రైట్ పూస. చిప్పుని ఆనుకుని ఓ కెపాసిటర్. గుక్క కావాలంటే పక్కనున్న సెంబులోంచి తాగాలి గానీ, అందరి బిందెలో సెయ్యెట్టకూడదు. ఇదివరకూ ఆ సెంబు ఎట్టినాను, గానీ వేలెడు దూరంలో ఎట్టినాను. ఆ దూరవే కొంప ముంచినాది."

"మీరు నవ్వి ఎన్నాళ్ళయిందండీ."

"పిల్లని తీసుకురా. ఇయ్యాల నా మొహం సూడకుండా నాతో మాటాడతాది."

"...ఇదిగో, తెచ్చినాను. రాణీ, నన్ను సూడు. నాన్న నీ మిషను బాగుసేసినాడు."

"ఎట్టమ్మా! బేగి ఎట్టు!"

"ఎట్టినాను. కదలకు."

"నాన్నా, సిచ్ ఎయ్యి."

"ఏసినాను తల్లీ."

"ఎయ్యనేదు."

"ఏసినానే. లైటు సూడు, ఎర్రగా ఎలగతన్నాది."

"ఎలగతన్నాది. గానీ నువ్వు ఎయ్యనేదు."

"సౌండు పెంచుతానుండు... ఇప్పుడు?"

"నేదు."

"ఇప్పుడు?"

"పాడైపోనాది, నాన్నా."

"పాడవనేదే! మీ అమ్మకి ఇనిపించినాది కదా. జ్ఞానం, దాని ఎనక్కెల్లి పిలువు."

"రాణీ! ...ఒసే రాణీ! ...మీ మొహవే సూస్తన్నాదండీ. కదల్లేదు."

"గట్టిగా పిలువు."

"రాణీ!"

"ఇంకా గట్టిగా!"

"ఇంతకన్నా అరిస్తే ఈదంతా వస్తాదండీ. వద్దు. ఆపీయండి."

"రాణీ, ఇటు సూడు. నిన్న నేను పిలిస్తే పలికినావు కదా?"

"పలికినాను. నీ పెదాలు 'రాణీ' అన్నాయి."

"మరి సిచ్ ఎయ్యగానే నవ్వీదానివి? ఏటి ఇనిపించీది?"

"జూ...య్."

"ఇంకా?"

"జూయ్."

"మాటలు? పాటలు? అమ్మ పిలిసీది?"

"అదే, నాన్నా. అదొక్కటే. సానా బాగుండీది."

"జ్ఞానం..."

"ఇన్నాను."

"నా బిడ్డకి అందింది అదొక్కటేనే. ఈ సేతుల్తో దాన్నే..."

"కూకోండి. ముందా కుర్చీలో కూకోండి."

"ఆ మేడమ్‌కి ఫోన్ సెయ్యి. సీటు ఎవలికీ ఇవ్వొద్దని సెప్పు. రాణితోపాటు మనిద్దరికీ కూడా సైగలు నేర్పమని అడుగు."

"సేస్తాను. ఇప్పుడే సేస్తాను. కళ్ళు తుడుసుకోండి, పిల్ల మిమ్మల్నే సూస్తన్నాది."

"రాణీ, ఏటీ భయపడకు. ఆ పూస పీకీస్తాను. మళ్ళీ జూయ్‌మనిపిస్తాను. ఒక్క గంట ఓపిక పట్టు, తల్లీ."

"ఏడవకు, నాన్నా. రాత్రి గదిలో లైటు ఆర్పీసినాక నాకు ఎవలి పెదాలూ కనబడవు కదా, అప్పుడు కూడా అది ఇనిపించీది. నువ్వు నా పక్కన కూకుని కతలు సెప్తన్నావనుకుని పడుకునీదాన్ని. అది నీ గొంతే కదా, నాన్నా?"