వెంటపడ్డ ఇనుము

గనిలో పని ఆగిపోయి ఏళ్లయింది కానీ, టీ కొట్టు బల్ల మీద బాబాయి కబుర్ల తవ్వకం మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. ఊరంతటికీ ఆయన బాబాయే. టీ కొట్టు నడిపే అక్కకి మాత్రం సొంత తమ్ముడు. ఆ రోజు ఆయన గొంతు మామూలు కంటే ఒక మెట్టు పైనే ఉంది, ఎందుకంటే ఎదురుగా రాళ్ల మేడమ్ కూర్చుంది. మూతపడ్డ గనిని జనం చూడ్డానికి తెరుస్తున్నారు. ఏ రాయి ఏమిటో చెప్పే బోర్డులు పెట్టించే పని ఆవిడది. అక్కడ ఒక్క బోర్డు మీదైనా తన పేరు పడాలి, అంతే. బాబాయికి వేరే కోరికంటూ ఏమీ మిగల్లేదు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు మేడమ్," అని మొదలుపెట్టాడు. "ఇంజనీర్లు వచ్చినప్పుడు గుట్ట మీదికి దారి చూపించాను, అంతే. ఎర్రరాయి పైకే కనిపిస్తోంది కానీ, అసలు సరుకు ఎక్కడుందో, ఎక్కడ తవ్వాలో వాళ్లకి అంతుపట్టలేదు. పెద్ద ఇంజనీరు దిక్సూచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నేను ఆయన భుజానికి భుజం రాసుకుని నిలబడ్డాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ముల్లు ఉత్తరం చూపించింది," అన్నాడు పక్క బల్ల మీది లారీ డ్రైవరు.

"నన్ను చూపించింది! నేను కుడికి జరిగితే కుడికి, ఎడమకి జరిగితే ఎడమకి. పెద్ద ఇంజనీరు మొహంలో నెత్తురు చుక్క లేదు. సరే చూద్దామని ఆయన చుట్టూ గబగబా నాలుగు చుట్లు తిరిగాను. ముల్లు గిరగిరా తిరిగిన గాలికి పాపం ఆయన చెమట ఆరిపోయింది."

"బాబాయ్, నీ టీ కూడా ఆరిపోతోంది," అన్నాడు డ్రైవరు.

"ఆరనీరా! అప్పుడు అర్థమైంది మేడమ్ నాకు. అది చూసేది నన్ను కాదు, నా కాళ్ల కింద ఉన్న ఇనుముని. నేనెటు పోతే భూమిలో ఇనుము అటే వస్తోంది, ఆవు వెనక దూడలాగా. గని గోడ మీద చారలు చూశారా, ఎర్రచార, తెల్లచార, మళ్లీ ఎర్రచార?"

"చూశాను. సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నవి," అంది మేడమ్.

"సముద్రమా! ఎవరు చెప్పారండీ మీకు? ఇనుము నా వెనక పరుగెత్తుకొస్తుంటే తెల్లరాయి పక్కకి తప్పుకోలేక మధ్యమధ్యలో ఇరుక్కుపోయింది. అక్కడక్కడా చారలు మెలికలు తిరిగుంటాయి, గమనించారా? అవి నేను చటుక్కున వెనక్కి తిరిగిన చోట్లు. ఆ ఎరుపంటారా, ఆయాసం!"

మేడమ్ నవ్వాపుకుంటూ ఏదో రాసుకుంది. అది తన పేరే అయి ఉంటుందనుకున్నాడు బాబాయి. ఇక ఆయన్ని పట్టుకునేవాళ్లు లేరు.

"ఈలోగా పక్క గుట్టలకి కబురు వెళ్లిపోయింది. వాటిలోని ఇనుమూ బయల్దేరింది. ఊళ్లో పెనాలు పొయ్యి దిగి గడప దాటాయి. ఇలా అయితే కొంపలు మునుగుతాయని నేను ఒకచోట నిలబడి, మడమతో నేల మీద ఒక్క తన్ను తన్ని 'ఆగు!' అన్నాను. ఆగింది. ముల్లు నిటారుగా లేచి నాకు దణ్ణం పెట్టింది. ఇంజనీరు టోపీ తీసేసి, 'ఇక్కడే తవ్వండి' అన్నాడు."

"ఆ చోటు ఎక్కడో గుర్తుందా?" అని అడిగింది మేడమ్. "బోర్డు అక్కడే పెట్టిద్దాం."

బాబాయి గుండె ఉప్పొంగింది. "కళ్లు మూసుకుని చూపిస్తాను. గని గట్టుకి తూర్పున, పెద్ద బండ పక్కన."

కొట్టులో అందరూ తలలు తిప్పి బాబాయి వైపు చూశారు.

"బాబాయ్, అది ఉత్త గొయ్యి కదా?" అన్నాడు డ్రైవరు.

ఉత్త గొయ్యి ఊళ్లో అందరూ ఎరిగిందే. ఇంజనీర్లు మొట్టమొదట తవ్వించింది దాన్నే. బావంత లోతు తవ్వినా తెల్లరాయి తప్ప గుప్పెడు ఇనుము రాలేదు. గుట్టంతా వదిలేసి అక్కడెందుకు తవ్వించారో ఇన్నేళ్లలో ఎవరికీ అంతుచిక్కలేదు.

"నేను భోజనానికి వెళ్లానురా, అదీ నా వెంటే వచ్చేసింది," అన్నాడు బాబాయి తడుముకోకుండా.

"కానీ బాబాయ్ గారూ, ఇక్కడి ఎర్రరాయికి ముల్లుని తిప్పేంత బలం లేదండీ," అంది మేడమ్. "అది అలా తిరగాలంటే పక్కనే అసలైన ఇనుము ఉండాలి."

టీ వడకడుతున్న అక్క చెయ్యి ఆగింది. "ఒరేయ్, ఆ రోజు నీ భుజం మీద ఏముందిరా?"

"పనికెళ్లేవాడి భుజం మీద ఏముంటుందక్కా? గునపం."

"మా ఇంటి గునపం. అడిగి పట్టుకెళ్లావు, ఇంతవరకూ తిరిగివ్వలేదు."

డ్రైవరుకి టీ పొలమారింది. కొట్టు కొట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. బాబాయికి మాత్రం చేతిదాకా వచ్చిన పేరు జారిపోయిందని నిజంగానే మనసు కలుక్కుమంది.

మేడమ్ కళ్లు తుడుచుకుంది. "ఉత్త గొయ్యి బోర్డు మీద ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశానండీ. అక్కడెందుకు తవ్వారో ఇప్పుడు తెలిసింది. మీకు అభ్యంతరం లేకపోతే మీ పేరుతో సహా వేయిస్తాను."

బాబాయి చల్లారిన టీ తీరిగ్గా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, వెన్ను నిటారుగా చేసుకున్నాడు.

"పెద్ద అక్షరాలతో వేయించండి మేడమ్," అన్నాడు. "ఒక్క గునపంతో అంతమంది ఇంజనీర్లని తిప్పినవాడు ఇంకొకడు పుట్టలేదు."