కీచుమన్న బ్రేకు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా యజమాని గారికి, వేదిక మీది పెద్దలకు, ఇన్నేళ్లుగా తమ సైకిళ్లను నమ్మి నా చేతికిచ్చిన మీ అందరికీ, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మా వర్కుషాపు వాళ్లకీ నమస్కారం. కూర్చోండర్రా, నా పదవీ విరమణ పుణ్యమా అని ఇవాళ కుర్చీలు మనక్కూడా వేశారు. మూడో వరుసలోంచి "తొందరగా ముగించు" అని అప్పుడే చెయ్యి తిప్పుతున్న మా ఆవిడకి ఇంకో నమస్కారం. (నవ్వులు)

ఇందాక యజమాని గారు నన్ను ఆకాశానికెత్తేశారు. డిస్కు బ్రేకు వేసిన ప్రతి బండినీ నేనే వీధిలోకి తీసుకెళ్లి, ఇరవై సార్లు వేగం పెంచి, ఇరవై సార్లు మెల్లగా బ్రేకు నొక్కి, ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడ్డాయని నాకు నమ్మకం కుదిరాక గానీ బండి చేతికివ్వనని, వానలో కూడా ఈ పని మానలేదని, ఇంత శ్రద్ధ పుట్టుకతోనే రావాలని అన్నారు. మీరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు వింటుంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. అది పుట్టుకతో వచ్చిన శ్రద్ధ కాదండీ. తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పకుండా ఈ మైకు వదలను.

మా చెల్లెమ్మ మీలో చాలామందికి తెలుసు. వరసకి చెల్లెలు కాదు, పనిలో చెల్లెలు. చక్రం ఒక్కసారి తిప్పి, చెవి దగ్గర పెట్టి జబ్బేమిటో చెప్పేస్తుంది గనక వర్కుషాపులో అందరం స్టెతస్కోపు అంటాం. (నవ్వులు) డిస్కు బ్రేకులు కొత్తగా వచ్చినప్పుడు నాకు బొత్తిగా మింగుడుపడలేదు. అప్పటిదాకా రబ్బరు ముక్కలు రిమ్మును పట్టుకునే బ్రేకులే నాకు తెలుసు. చక్రం నడుమ ఈ పల్చటి రేకు డిస్కేమిటి, దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కే ఈ ప్యాడ్లేమిటి అని మొహం చిట్లించేవాణ్ణి. నాకంటే పదిహేనేళ్లు చిన్నదాని దగ్గర నేర్చుకోవడం చిన్నతనంగా ఉండేది, ఒప్పుకుంటున్నాను. తనే ఓపిగ్గా నేర్పింది.

"అన్నా, ముందు చక్రం గూట్లో పూర్తిగా కూర్చుందో లేదో చూడు. ప్యాడ్లున్న దిమ్మె బోల్టులు రెండూ కాస్త వదులు చెయ్యి. ఇప్పుడు బ్రేకు పిడి గట్టిగా నొక్కి పట్టుకో, దిమ్మె తనంతట తనే నడిమికి వస్తుంది. పిడి వదలకుండా ఇటు కాస్త, అటు కాస్త బిగించు. వెనక తెల్ల కాగితం పెట్టి చూడు, డిస్కుకి రెండు పక్కలా సన్నగా తెలుపు కనబడాలి. ఒక పక్క కనబడకపోతే అక్కడ రాసుకుంటోందన్న మాట. ఇంకోటి, డిస్కు మీద వేలు పెట్టకు. నీ వేళ్లకి ఎప్పుడూ నూనే."

ఈ చివరి మాట నేను చెవిన పెట్టలేదు.

ఆ రోజు ఒక నర్సు గారి సైకిలుకి రెండు చక్రాలకీ చెల్లెమ్మ కొత్త ప్యాడ్లు వేసింది. పని తొంభై పాళ్లు అయింది, నడిపి చూడటమొక్కటే మిగిలింది. భోజనానికి వెళుతూ హ్యాండిలుకి ఒక చీటీ కట్టింది. ఈలోగా నర్సు గారు వచ్చి "డ్యూటీకి టైమైపోతోందండీ, ఇచ్చేయండి" అన్నారు. నేను బండి దింపి రెండడుగులు తోసి బ్రేకు నొక్కాను. వీధంతా వినబడేట్టు కీచుమంది. కొత్త ప్యాడ్లు నాలుగు సార్లు నడిపితే గానీ నోరు మూసుకోవు, ఇప్పుడు తెలుసు. అప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగేసరికి నాకు తలకొట్టేసినట్టయింది. పాతికేళ్లుగా అరిచిన ప్రతిదానికీ, తలుపు బందు కానీ, పెడలు కానీ, నూనె చుక్క వేసి నోరు మూయించినవాణ్ణి. చెయ్యి నన్ను అడగలేదు. ముందు డిస్కుకి ఒక చుక్క, వెనక డిస్కుకి ఒక చుక్క.

చప్పుడు పోయింది. నూనె తగిలితే ప్యాడ్లు డిస్కుని పట్టుకోకుండా జారిపోతాయని, బ్రేకు కూడా పోయిందని నాకు తట్టలేదు. చీటీ విప్పి జేబులో పెట్టుకుని, "చూశారా, ఎంత మెత్తగా ఉందో!" అని బండి చేతికిచ్చాను.

ఆస్పత్రి దగ్గర పల్లం మీకు తెలుసు. ఆవిడ రెండు బ్రేకులూ నొక్కారు. బండి ఆగలేదు. బేకరీ గోడకి గుద్దుకుని కుడి మణికట్టు విరిగింది. ఇప్పటికీ సీసా మూత తిప్పాలంటే ఎడమ చెయ్యే వాడతారు.



బండి తిరిగొచ్చింది. ఎవరు బిగించారని యజమాని గారు అడిగితే చెల్లెమ్మ "నేనే" అంది. ప్యాడ్లు ఊడదీసి వాసన చూసి, "వీటికి నూనె అంటుకుంది. నేను నడపకుండా ఇవ్వొద్దని చీటీ కట్టాను" అంది. చీటీ ఎవరికీ కనబడలేదు. తను నా వైపు చూసింది. నేను స్పానరు తుడుస్తూ ఉండిపోయాను, అప్పటికే శుభ్రంగా ఉన్న స్పానరుని. మర్నాటి నుంచి ఆమెని పంక్చర్ల బల్లకి మార్చారు. రెండేళ్లు అక్కడే ఉంది. నేనేమో ఆ రోజు నుంచి ప్రతి బండినీ ఇరవై సార్లు నడుపుతూ మంచివాణ్ణనిపించుకున్నాను.

వస్తున్నానండీ, టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. చల్లారనివ్వండి.

నిన్న సాయంత్రం నర్సు గారింటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆవిడ పూర్తిగా విన్నారు. తర్వాత "రేపు సభలో కూడా చెబుతారా?" అని అడిగారు. చెబుతానన్నాను. రెండో వరుసలో ఉన్నారు. నిజంగా చెబుతానో లేదో చూడ్డానికే వచ్చినట్టున్నారు.

ఇవాళ పొద్దున నోటీసు బోర్డు చూశాను. నా తర్వాత నా బల్లకి పెద్ద మేస్త్రీగా బయటి నుంచి ఎవరినో తెస్తారట. మా చెల్లెమ్మకి పని వచ్చు కానీ బ్రేకుల విషయంలో పాత మచ్చ ఉందట. యజమాని గారూ, ఆ మచ్చ నాది. ఆ నూనె చుక్కలు వేసింది నేను. ఇదిగో ఆ చీటీ, నా పనిముట్ల పెట్టె అడుగున తొమ్మిదేళ్లు దాచాను. "ఇంకా నడపాలి. ఇవ్వొద్దు" అని రాసి ఉంది. అక్షరాలు ఎవరివో మీకు తెలుసు.

(వెనక నుంచి ఆడగొంతు: "అది నీ దగ్గరే ఉందా అన్నా?")

ఉందమ్మా. ఆ రోజు నువ్వు బల్ల కిందా చెత్తబుట్టలోనూ వెతుకుతుంటే నా జేబులోనే ఉంది. సిగ్గుగా ఉంది. నీ రెండేళ్లు నేను తిరిగివ్వలేను.

(యజమాని ఏదో అంటారు)

తర్వాత మాట్లాడదామంటే కుదరదండీ. తర్వాత అనుకునే తొమ్మిదేళ్లు గడిపాను. మీరిచ్చిన ఈ జ్ఞాపిక ఇక్కడే ఈ బల్ల మీద పెడుతున్నాను. ఆ నోటీసు తీసి ఆమె పేరుతో ఇంకోటి అంటించిన రోజు వచ్చి తీసుకెళతాను. అంటించకపోతే ఇది మీ దగ్గరే ఉంటుంది. నాకు కోపం లేదు, కానీ మాట మారదు.

చెల్లెమ్మా, బయట నా సైకిలుంది. పొద్దున కొత్త ప్యాడ్లు వేశాను, నువ్వు చెప్పినట్టే, తెల్ల కాగితం పెట్టి మరీ. వేలు పెట్టలేదు. నొక్కితే కీచుమంటోంది, అరవనిచ్చాను. దాని హ్యాండిలుకి ఇప్పుడు ఈ చీటీ కడతాను. నీకు ఎప్పుడు తీరితే అప్పుడు నడిపి చూడు. బాగుందని నువ్వు చీటీ విప్పేదాకా దాన్ని ముట్టుకోను. మా ఇల్లు మూడు మైళ్లు. మా ఆవిడ నడవగలదు, నేనూ నడుస్తాను.

ఇంతసేపు విన్నందుకు, ముఖ్యంగా మధ్యలో లేచి వెళ్లనందుకు నర్సు గారికి, మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.