పదకొండు నిమిషాల హోరు

ఇంగ్లండ్, రెడింగ్ పట్టణం. క్రిస్పిన్ ఇంటి వంటగది, మధ్యాహ్నం. ఎదురుగా కూర్చున్నది టామ్సిన్, అతని బ్యాండ్‌లో బేస్ గిటారు వాయించిన రస్ కూతురు.

"టీ చల్లారిపోతోంది, తాగమ్మా."

"సంతకం సంగతి తేలాక తాగుతా అంకుల్. మీ ఆఖరి కచేరీ రికార్డును కంపెనీవాళ్లు మళ్లీ వేస్తారట. నాన్న తరఫున నేను ఒప్పుకోవాలట."

"ఒప్పుకో మరి. అప్పట్లో పత్రికలవాళ్లు, తలలు దించుకుని వాయిస్తామని, మమ్మల్ని బూట్లు చూసుకునే బ్యాచ్ అని ఎగతాళి చేశారు. మూడు రికార్డులకే మూటగట్టి అటకెక్కించారు. ఇప్పుడు చూడు, నిన్నగాక మొన్న పుట్టినవాళ్లు మా బొమ్మున్న చొక్కాలేసుకుని తిరుగుతున్నారు."

"వాళ్లంతా అడిగేది ఆ చివరి పాటే. ఆ పదకొండు నిమిషాల హోరు."

"ఊఁ."

"మొన్న కంపెనీవాళ్లు ఒక్కో వాద్యం విడదీసి వినిపించారు. నాన్న వాయించడం మొదట్లోనే ఆగిపోయింది అంకుల్. ఆ తర్వాత ఒకటే స్వరం, గుంయ్‌మని, చివరిదాకా."

"బిస్కెట్టు తీసుకో."

"అంకుల్."

"గుండె ఆగి గిటారు మీద పడ్డాడు. స్పీకరు పక్కనే కదా, ఆ మోతకి తీగలు వాటంతటవే మోగుతూ ఉండిపోయాయి."

"పాట చివర్లో పడ్డాడనే కదా మీరంతా విచారణలో చెప్పింది?"

"అలాగే అనుకున్నాం. ఒకటే పొగ, తెల్లటి లైట్లు. అందరం తలలు దించుకుని కాళ్ల దగ్గర గిటారు మోత మార్చే పెడల్స్ తొక్కుకుంటూ... ఎవరు ఎవర్ని చూశారు గనక?"

"కాస్త ముందు ఆస్పత్రికి చేర్చి ఉంటే బతికేవాడేమో అన్నాడు డాక్టరు."

"మానిన పుండు ఎందుకమ్మా రేపుకోవడం?"

"నాది మానలేదు. నాకప్పటికి ఏడాది కూడా నిండలేదు. నాన్నంటే నాకు ఆ మోతే, చిన్నప్పుడు ఆ రికార్డు వింటూనే నిద్రపోయేదాన్ని. మీ మీద కోపం లేదు అంకుల్, ఒక్కటే అడుగుతున్నా. నిజంగా ఎవరూ చూడలేదు కదా? చూడలేదంటే ఇప్పుడే సంతకం పెట్టేస్తా."

"డ్రమ్ములవాడు కళ్లు మూసుకునే వాయిస్తాడు. వాడికేం తెలుసు, పాపం."

"మీరు?"

"నేనా... నేను రెండో నిమిషంలో ఓసారి తలెత్తాను."

"పొగలో కనబడలేదా?"

"కనబడ్డాడు. కానీ అంత గొప్ప మోత మాకు ఎన్నడూ పుట్టలేదమ్మా. ఆపబుద్ధి కాలేదు."