పోశమే రాజలింగు

భర్త పోయాక, పింఛను కోసం పాత తీర్పు నకలు తీసుకోవాలని నస్పూరు నుంచి వచ్చిన ఆమె, జిల్లా కోర్టులో నకళ్ల గుమాస్తా కిటికీ ముందు నిలబడింది.

“మీ ఆయన పేరేందమ్మా?”

“ఇంట్ల పోశం. బొగ్గు బాయిల రాజలింగు.”

“ఒక్క మనిషికి రెండు పేర్లా? నవాబు లెక్క బతికిండు.”

“అవు సారూ, భూమి కింద నవాబు. నౌకరి వచ్చిన రాజలింగు బాయిల దిగుడుకు భయపడి పారిపోతే, ఆ పేరు మీద మా ఆయన దిగిండు. ఇద్దరు ఒక్కడే అని మీ కోర్టే తీర్పిచ్చింది. గా నకలు చూపిస్తేనే పింఛను ఇస్తరట.”

గుమాస్తా కంప్యూటర్లో వెతికాడు.

“దొరికింది. కానీ కేసు రాజలింగు పేరు మీదున్నది. నీ ఆధార్‌ల భర్త పోశం. అంటే ఈ కేసుకు నువ్వు బయటి మనిషివి.”

“పోశమే రాజలింగు గద సారూ.”

“రుజువేది?”

“మీ అల్మారాల ఉన్నది.”

“అల్మారాల ఉంటే కాదు, నువ్వు తెచ్చి చూపియ్యాలె.”

“అయితే జర నాకియ్యుండ్రి. బయటికి పోయి, మళ్ల వచ్చి మీకే చూపిస్త.”

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా ముఖం మాడ్చుకుని ఒక దరఖాస్తు తీశాడు.

“బయటి మనుషులకు అఫిడవిట్ ఉంటది. రాజలింగుకు నువ్వేమైతవో రాయాలె. భార్య అంటే నడవది. ఏం రాయమంటవు?”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇద్దరికి ఒక్క కంచంలనే అన్నం పెట్టినదాన్ని అని రాయుండ్రి.”