తవ్విన ఇసుక

ఇంకో జత ఇస్తారా? ఆ తీగల పెట్టె కింద పెట్టండన్నా. ఇంకో జత అడిగేదానికా నేను బ్యాండేజ్ కంపెనీలో అరపూట లీవు చెప్పి వచ్చింది?

గుర్తు పట్టలేదా? రుక్మణిని. నాలుగు నెలల ముందు మా అభినయ పుట్టినరోజుకని పెంచుకునే రంగు మీన్లు అమ్మే మీ అంగట్లోనే గదా, గుల్ల మోసుకొని తిరిగే పీతలు రెండు తీసుకొని పోయినాను. ఒకదాని గుల్లకు ఎర్ర పెయింటు, ఇంకోదానికి పచ్చ పెయింటు. "చూసుకునే పనే లేదమ్మా, పెట్టెలో వేసి స్పాంజి తడిపి పెట్టు, చాలు" అన్నారు. అన్నారా లేదా? నా ముఖం చూసి చెప్పండి గోవిందన్నా.

రాజపాళయం ఎండ మీకు తెలియదా? ఆ తీగల పెట్టెలో తడి నిలుస్తుందా? గాలిలో తడి ఉంటేనే దానికి ఊపిరి ఆడుతుందంట. ఇది మీరు చెప్పలేదు. తొమ్మిదేండ్ల పిల్ల ఫోన్‌లో చూసి చెప్పింది. "అమ్మా, దీనికి అద్దాల తొట్టి కావాల, మూత కావాల, లోతుగా తడి ఇసుక కావాల" అని. నేనేమన్నాను తెలుసా? "అంగడి ఆయనకంటే నీకెక్కువ తెలుసా" అన్నాను. మిమ్మల్ని నమ్మినాను.

మూడో వారం ఎర్రది గుల్ల వదిలేసి బయటికి వచ్చి, ఎండిపోయి చచ్చి పడి ఉండె.

అప్పుడు బుద్ధి వచ్చింది మాకు. మా ఇంటాయన అశోక్‌కుమార్ మిల్లులో షిఫ్టు ముగించుకొని, ఎవరో వద్దని పెట్టిన మీన్ల తొట్టిని బండి మీద కట్టుకొని వచ్చినాడు. విరిగిన మూల గమ్ము పెట్టి అతికినాడు. ఇసుక ఎన్నిసార్లు కడిగినామో. కొబ్బరి పీచు పొడి కలిపి జానెడు లోతు పోసినాం. ఒక గిన్నెలో మంచి నీళ్లు, ఒక గిన్నెలో ఉప్పు నీళ్లు. కుళాయి నీళ్లలో మందు కలుపుతారని పిల్ల వాటిని ఊరికే పోయనీయలేదు.

సముద్రం ఒడ్డుకు, తిరుచ్చెందూరు పోయిన మా వదినతో పాప పెయింటు లేని గుల్లలు తెప్పించింది. ఆ పచ్చది వాటిని తిప్పి తిప్పి చూసి, లోపల కాలు పెట్టి చూసి, ఒక్క క్షణంలో ఇందులోనుంచి అందులోకి దూరింది. మా పాప చప్పుడు కాకుండా చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకునింది. మా ఇంటాయన తినే అన్నం వదిలి వచ్చి చూసినాడు.

తర్వాత అది ఇసుకలోకి పోయింది. ఇరవై నాళ్లు రాలేదు. "తోలు మార్చుకుంటా ఉంది, ఎవురూ తవ్వకూడదు" అని చెప్పి, పాప తళవాయిపురంలో మా అత్తింటికి పోయింది.

పాప లేనప్పుడు ఒకనాడు మూత తీస్తే కుళ్లు వాసన. భయపడి మీకు ఫోన్ చేసినాను. మీరేమన్నారు? "చచ్చిపోయి ఉంటుందమ్మా, పురుగు పడకముందే తీసి పారెయ్, వేరేది ఇస్తాను." ఎన్ని నాళ్లయిందని ఒక మాట అడిగినారా? తోలు మార్చేది మీకు తెలియదా? తెలియకుండానే అమ్ముతా ఉండారా, లేక తెలిసీ చెప్పలేదా? రెంటిలో ఏదైనా నాకు ఒకటే.

గరిటెతో తవ్వినాను. అది చావలేదన్నా. తెల్లగా, మెత్తగా ఉండె. గరిటె తగిలి ఒక కాలు ఊడింది. మిగిలిన కాళ్లు నా అరచేతిలో ఆడిస్తా ఉండె. వాసన తిండి గిన్నెలో కుళ్లిన కొబ్బరి ముక్కది.

మళ్లీ ఇసుకలో గుంట చేసి పెట్టి, పైన గిన్నె బోర్లించినాను. సాయంత్రం తీసి చూస్తే ఇంక కదలలేదు.

తల దించుకోవద్దండి. ఈసారి కొనేదానికి వచ్చేవాళ్లకైనా చెప్పండి, తొట్టి కావాల, ఇసుక కావాల, తవ్వకూడదు అని. చెప్పేదానికి మీకు నోరుంది గదా?

నాకూ ఉండె నోరు.

నిన్న పాప వచ్చింది. "అదే పైకి వచ్చి చచ్చిపోయింది" అన్నాను. తను ఏడవలేదు. ఇసుకలో వేలు పెట్టి శానాసేపు చూసింది. "తడి తక్కువయిందా అమ్మా? నేను సరిగ్గా చెయ్యలేదా?" అనింది.

నేను అవునన్నాను.