ఒంటికి వెళ్ళాలి

పొద్దుట్నుంచి ఎన్నోసారే ఇది? ఆరోసారా? లెక్కపెట్టకే తల్లీ, పిల్ల నీ మొహమే చూస్తోంది. డాక్టరు పరీక్ష చేసి ఏమీ లేదన్నాడంటివి, రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతోందంటివి. మరి ఆ నీళ్ళ గ్లాసు దానికందకుండా పైన పెట్టావెందుకు? నేనూ అదే చేశాలే. మీ అమ్మకి నాలుగేళ్ళప్పుడు అచ్చం ఇంతే. మాది ఇస్త్రీ కొట్టు కదా, మీ తాతయ్య బట్టల మూటలతో ఇల్లిల్లూ తిరిగేవాడు, నేను పొద్దస్తమానం బొగ్గుల ఇస్త్రీ పెట్టె దగ్గరే. అది కాసేపటికోసారి వచ్చి నా కొంగు లాగేది, "అమ్మా, ఒంటికి" అని. తీసుకెళ్తే నాలుగు చుక్కలు. నీళ్ళు తాగితేనేగా వచ్చేది అని నా తెలివి, మాన్పించేశాను. ఒకరోజు బట్టల మీద చల్లడానికి గిన్నెలో పెట్టిన నీళ్ళు తాగుతూ దొరికింది. వీపు మీద ఒకటిచ్చాను. ఇప్పటికీ ఈ చెయ్యి చూసుకుంటే... సరేలే.

మా అత్తగారు పక్కనే గుండీలు కుడుతూ అంతా చూస్తుండేది. అప్పట్లో నాలాగే ఆవిడకీ అక్షరం ముక్క రాదు. "పెట్టె ఎప్పుడు దింపుతావే నువ్వు?" అంది. దింపనండీ, బొగ్గులు ఆరిపోతాయి అన్నా. "పిల్ల ఒంటికన్నప్పుడు దింపుతావుగా. అది పెట్టె దింపించడానికొస్తోందే పిచ్చిదానా." మర్నాటినుంచి బల్ల పక్కన దానికో పీట, మడతపెట్టడానికి చేతిరుమాళ్ళు. మధ్యలో ఊరికే పెట్టె దింపి ఒళ్ళో కూర్చోబెట్టుకునేదాన్ని. నీళ్ళు అడిగినప్పుడల్లా ఇచ్చా. ఒంటికంటే మాత్రం మాట అనకుండా తీసుకెళ్ళడమే. నెల తిరిగేసరికి తగ్గింది. రుమాళ్ళంటావా, ఏనుగు చెవుల్లా మడిచేది, అన్నీ నేను మళ్ళీ మడిచేదాన్ని.

మా అత్తగారు పోయే ముందు ఏడాది ఆవిడకీ అదే. గోడ పట్టుకుని లేచేది, "అమ్మాయ్, ఒంటికి" అని. నేను పెట్టె చేత్తో పట్టుకునే, ఇప్పుడేగా వెళ్ళొచ్చారు అనేదాన్ని. ముసలితనం అనుకున్నానే. పిల్ల సంగతి నాకు చెప్పింది ఆవిడ, ఆవిడ సంగతి నాకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? నాకు అరవై దాటాక మీ అమ్మ పలక కొనిచ్చి అక్షరాలు దిద్దించింది కదా, ఒకనాడు ఒంటికి అని రాసి, దాని కింద ఒంటరి అని రాశాను. ట మీద గుడి తీసేస్తే ముందు రెండక్షరాలూ ఒకటే. ఆ పలక చాలాసేపు చెరపలేదు...

అదిగో, పిల్ల మళ్ళీ గుమ్మంలో నిలబడింది. నువ్వు కూర్చో. ఒంటికేనా బంగారం? పద, నేనూ వస్తా.