మళ్ళీ పుట్టబోయే బ్రహ్మచారి

లేవకండి. నేనేం మిమ్మల్ని ముట్టుకోను లెండి. మీకేమో సముద్రం దాటిన మైల, నేనేమో ఎదురుపడకూడని ముండని. ఎవరి వల్ల ఎవరు చెడతారో చెప్పడానికి మన పురోహితులు శోభనాద్రిగారు కూడా పంచాంగం తిరగెయ్యాల్సిందే.

అందరూ భోంచేసి నడుం వాల్చారు. అత్తయ్యగారి గురక వినిపిస్తూనే ఉంది. మీతో మాట్లాడ్డానికి ఇదొక్కటే సందు దొరికింది నాకు. ఇంగ్లీషు సీమ నుంచి వచ్చి వారమైంది గదా, ఒక్కసారి నా వంక చూశారా? పోనీ ఇప్పుడు చూడండి, ముసుగు తీస్తాను. ఏం, తల తిప్పుకుంటారేం? సీమలో ఈ గుండు గురించి చెప్పే గదండీ చప్పట్లు కొట్టించుకున్నారు?

విన్నానండీ. నిన్న కాలేజీ కుర్రాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్నారు గదా, బారిష్టరుగారూ, మేమూ సీమ వెళ్దామనుకుంటున్నాం, అక్కడి చదువు బాగా వంటపట్టాలంటే ఏం చెయ్యాలండీ అని. ఎంత చక్కగా చెప్పారని. ఒక్క రోజు కూడా వృథా చెయ్యొద్దన్నారు. గదిలో పుస్తకం ముందేసుకుని కూర్చుంటే లాభం లేదు, నలుగురిలో కలవండి, సభలకి వెళ్ళండి, లేచి మాట్లాడండి అన్నారు. ఇంటి కబుర్లు మనసుకి పట్టించుకోవద్దన్నారు. నాకూ వచ్చిందొక కబురు, రెండ్రోజులు అన్నం సయించలేదు, మూడోనాడు లేచి క్లాసుకి వెళ్ళాను అన్నారు.

నేను తలుపు చాటునే ఉన్నాను. ఆ కబురు నేనే గదండీ.

ఇన్నాళ్ళూ అది మీకు అందలేదనుకున్నాను. ఒట్టు. మావయ్యగారు సిగ్గుపడి రాయలేదేమో, రాసినా దారిలో ఎక్కడో పోయిందేమో అనుకున్నాను. తెలిస్తే ఊరుకునేవారా, మొదటి ఓడెక్కి వచ్చి ఇంట్లో అందర్నీ నిలబెట్టి కడిగేవారు కారూ అనుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ నాలుగేళ్ళూ బతికాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

కబురులో రెండు ముక్కలే ఉంటాయి. అసలు జరిగింది నేను చెప్తాను వినండి. మీరు చెన్నపట్నంలో ఓడెక్కారని తెలియగానే మనింటిని వెలేశారు. తద్దినానికి భోక్తలు రాలేదు. మీ చెల్లెళ్ళకి కుదిరిన సంబంధాలు రెండూ వెనక్కి పోయాయి. అప్పుడు శోభనాద్రిగారే దారి చెప్పారు, పిల్లవాడు చచ్చాడనుకుని ఘటశ్రాద్ధం పెట్టెయ్యండి, బతికుండగానే పిండం వదిలెయ్యండి, కులంలో కలుపుకుంటారని. మావయ్యగారు ఏడుస్తూనే పెట్టారు, అబద్ధమెందుకు.

మరి కొడుకు చచ్చాడని నలుగురి ముందూ ఒప్పుకున్నాక, కోడలు పసుపు కుంకాలతో తిరిగితే ఊరు నమ్ముతుందా? చక్రవర్తి పట్టాభిషేకమని బందరంతా దీపాలు పెట్టిన వారం అది. మీరు అక్కడ మొదటి పరీక్ష ప్యాసయ్యారని అప్పుడే తెలిసింది. తలుపులేసుకుని పాయసం వండుకున్నారు. నాకూ పెట్టారు. మర్నాడు పొద్దున్నే మంగలిని పిలిపించారు. పదిహేడేళ్ళు నాకు. జుట్టు అంతా ఒకచోట పడితే, ఎంతుందే అమ్మా అని అత్తయ్యగారు ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు మీరు బతికొచ్చారు. చచ్చినవాడు తిరిగొస్తే ఏం చెయ్యాలో దానికీ శాస్త్రం ఉందిట. రేపు మిమ్మల్ని మళ్ళీ పుట్టిస్తారు. ఒంటికి నెయ్యి పట్టించి, నీళ్ళు పోసి, చెవిలో పేరు చెప్పి, సాయంత్రానికల్లా ఒడుగు కూడా చేసేస్తారు. మీసాలొచ్చిన పసిబిడ్డ. అత్తయ్యగారికి మళ్ళీ పురుడొచ్చినంత సంబరంగా ఉంది.

ఒడుగయ్యాక పెళ్ళి. ఉన్న పెళ్ళాన్నే మళ్ళీ కట్టుకోవాలని గ్రంథంలో ఉందండీ. శోభనాద్రిగారు పైకి చదువుతుంటే నా చెవులారా విన్నాను. వంటింట్లో నిలబడి ముసుగు మీదుగా తల తడుముకున్నాను. అంతలో మావయ్యగారు, మరి పిల్ల విధవైంది గదండీ అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి ఏమన్నారో తెలుసా? నిజమేనండోయ్, బ్రహ్మచారికి విధవనెలా ముడిపెడతాం, అది వితంతు వివాహమైపోతుంది, మళ్ళీ వెలేస్తారు అన్నారు. మిమ్మల్ని బతికించడానికి మంత్రం ఉంది. నన్ను ముత్తైదువని చెయ్యడానికి లేదుట. అందుకని గుడివాడ వకీలు మధుసూదనరావుగారి అమ్మాయిని చూశారు. మీరు సరేనన్నారు.

అసలు నాకు ఒళ్ళు మండింది దానికి కూడా కాదు. సీమలో హిందూ వితంతువుల మీద గంటసేపు మాట్లాడానని చెప్పారే కుర్రాళ్ళకి, అదీ. నేనెరిగిన పిల్ల ఒకతె ఉంది, మొగుడు నిక్షేపంగా బతికుండగా గుండు గీయించారు అని మీరు చెప్తే, దొరసానులు జేబురుమాళ్ళు తీసి కళ్ళొత్తుకున్నారుట. ఆ ఉపన్యాసంతోనే పేరొచ్చిందన్నారు. నేనెరిగిన పిల్ల. నా పెళ్ళాం అనలేదేం? అంటే, మరి నువ్వెందుకు వెళ్ళలేదయ్యా అని అడుగుతారని గామోసు.

పోనివ్వండి. నేనడిగేది ఒక్క మాట. సాయంత్రం శోభనాద్రిగారొస్తారు. ఆయన ముందర, మీ నాన్నగారి ముందర, ఇదే నా పెళ్ళాం, దీన్నే చేసుకుంటాను అనండి. వెలేస్తే వెయ్యనివ్వండి. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి గదా. సంస్కర్తలు బందరులోనూ ఉన్నారు, ఇక్కడా చప్పట్లు కొడతారు. జుట్టు పెరుగుతుందండీ. ఏడాది తిరిగేసరికి ముడి కూడా వేసుకోవచ్చు.

ఏమిటీ? కొంచెం గట్టిగా అనండి. ప్రాక్టీసు పెట్టాలా. గుడివాడ వారి పలుకుబడి కావాలా. నన్ను చెన్నపట్నంలో విధవల బడికి పంపిస్తారా. బావుందండీ. అక్కడ నాలుగు ఇంగ్లీషు ముక్కలొస్తే, ఈసారి సభకి నన్నే తీసుకెళ్ళి చూపించుకోవచ్చు.

కళ్ళనీళ్ళెందుకు? నాలుగేళ్ళ కిందట రావాల్సినవి అవి. తుడుచుకోండి, అత్తయ్యగారు చూస్తే నేనేదో అన్నాననుకుంటారు.

వెళ్ళి పుట్టండి. పెళ్ళి చేసుకోండి. గుడివాడ రైలుకి బయల్దేరేటప్పుడు ఎదురొస్తానని భయపడకండి, గదిలోనే ఉంటాను. మీరు బండి దిగిన్నాడు కిటికీలోంచి చూసి ఏడిచానండీ. సంతోషంతోనే ఏడిచాను. నిన్న తలుపు చాటున నిలబడి, ఆ ఓడేదో నడిసముద్రంలో మునిగిపోయినా బావుండేది అనుకున్నాను. పాపమంటారా? నాకెందుకు పాపం? మీరు ఒకసారి చచ్చినందుకు ఇవ్వాల్సిందంతా ఇచ్చేశాను. ఈసారి నిజంగా చస్తే గుడివాడ పిల్ల ఇచ్చుకుంటుంది. నా దగ్గర తీసుకోవడానికి ఇంకేం మిగల్లేదు.